అధ్యక్షురాలి పేరు ముందు ఏముంటుంది?

1960 జూలై 21న, ఇప్పుడు శ్రీలంక అంటున్న సిలోన్‌లో సిరిమావో బండారనాయకే ప్రధానిగా ప్రమాణం చేశారు. ప్రపంచంలో ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమె. ఆ సందర్భంలో లండన్ పత్రిక ఒకదానికి వింత చిక్కు వచ్చిపడింది. రాజనీతిజ్ఞుడు అనడానికి ఇంగ్లీషులో ఉన్న ‘స్టేట్స్‌మన్’ అనే మాట చివర్లోనే మగవాడు కూర్చుని ఉన్నాడు. మరి ఈమెను ఏమనాలి? ఇక కొత్త మాట ఒకటి కావాల్సిందే, ‘స్టేట్స్‌వుమన్’ అనాలేమో అని ఆ పత్రిక రాసింది. అరవై అయిదేళ్లు గడిచాయి. డెబ్భైకి పైగా దేశాల్లో మహిళలు అత్యున్నత పదవుల్లోకి వచ్చారు. మాట కోసం వెతుకులాట మాత్రం ముగియలేదు.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. సిరిమావో ప్రభుత్వాధినేత, దేశాధినేత కాదు. అప్పటికి సిలోన్ దేశాధినేత బ్రిటిష్ రాణి. వార్తల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతుంటాయి. ఇందిరా గాంధీ, గోల్డా మేయర్, మార్గరెట్ థాచర్, ఏంగెలా మెర్కెల్ ప్రభుత్వాలను నడిపినవాళ్లు. దేశాధినేత అంటే రాజ్యం మొత్తానికి ప్రతినిధిగా నిలబడే వ్యక్తి. కొన్నిచోట్ల రాజో రాణో, మిగిలినచోట్ల అధ్యక్షులు. ఆ అధ్యక్ష పదవి బలం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మెక్సికోలో, బ్రెజిల్‌లో ప్రభుత్వాన్ని నడిపేది అధ్యక్షులే. ఐర్లండ్‌లో, ఇండియాలో ఆ పని ప్రధానిది. రాణులను ఎవరూ ఎన్నుకోరు కాబట్టి వాళ్లను పక్కన పెడితే, ఎన్నికైన మహిళా దేశాధినేతల కథకు అంత పొడవైన చరిత్ర లేదు. 1940లో తువా అనే చిన్న రిపబ్లిక్‌లో ఖెర్తెక్ అంచిమా-తోకా దేశాధినేత అయ్యారు, కానీ అది ఒకే పార్టీ ఉన్న వ్యవస్థ. 1974లో అర్జెంటీనాలో ఇసబెల్ పెరోన్ అధ్యక్షురాలయ్యారు. ఆమె ఎన్నికైంది ఉపాధ్యక్ష పదవికి, భర్త హువాన్ పెరోన్ చనిపోవడంతో పై పదవి వచ్చింది. ఓటర్లు నేరుగా ఒక మహిళను దేశాధినేతగా ఎన్నుకున్నది 1980 జూన్ 29న, ఐస్‌లాండ్‌లో.

విగ్దీస్ ఫిన్‌బోగదోత్తిర్‌కు అప్పుడు 50 ఏళ్లు. ముగ్గురు మగ అభ్యర్థుల మీద మూడో వంతుకు కాస్త ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఆమె గురించి ప్రపంచ పత్రికలు రాసిన పరిచయాల్లో దాదాపు ప్రతిదానిలో ఉన్న వివరాలు ఇవి: విడాకులు తీసుకున్నారు, ఒంటరిగా ఒక ఆడపిల్లను దత్తత తీసుకుని పెంచుతున్నారు, రొమ్ము కేన్సర్ నుంచి బయటపడ్డారు. ఇవన్నీ నిజాలే. అదే సమయానికి ఆమె రేక్‌జావిక్ నాటక సంస్థకు ఎనిమిదేళ్లుగా డైరెక్టర్, టీవీలో ఫ్రెంచి పాఠాలు చెప్పి దేశమంతా తెలిసిన టీచర్ అన్న సంగతి కూడా నిజమే. ఏ నిజం ముందు వస్తుంది, ఏది వెనక్కి పోతుంది అన్నదే అసలు ప్రశ్న. కేన్సర్ ఆపరేషన్ గురించి ప్రచారంలో ఆమెను నిలదీసి అడిగారు కూడా. జాతికి పాలివ్వడానికి కాదు, నాయకత్వం వహించడానికే నిలబడుతున్నానని ఆమె చెప్పిన జవాబు ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాత జరిగింది చూస్తే ఆ పరిచయాలు ఎంత తక్కువ చెప్పాయో అర్థమవుతుంది. ఆమె 16 ఏళ్లు పదవిలో ఉన్నారు. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్ మహిళలు ఇంటా బయటా పనులన్నీ మానేసి సమ్మె చేశారు. నూటికి తొంభై మంది అందులో పాల్గొన్నారు. సరిగ్గా పదేళ్ల తర్వాత అదే రోజున, సమ్మెలో ఉన్న విమాన పరిచారికలను పనిలోకి రప్పించే చట్టం ఆమె బల్ల మీదికి వచ్చింది. వెంటనే సంతకం పెట్టకుండా ఆమె కొన్ని గంటలు ఆపారు, చివరికి పెట్టారు. 1993లో ఐరోపా ఆర్థిక ప్రాంతంలో చేరే చట్టాన్ని ప్రజాభిప్రాయ సేకరణకు పంపమని వేలమంది అర్జీలు పెట్టినా ఆమె సంతకం చేశారు. ఈ రెండు నిర్ణయాలూ ఒప్పా తప్పా అని వాదించుకోవచ్చు. అధ్యక్ష పదవిలో ఉన్న మనిషి గురించి జరగాల్సిన వాదన అదే. విడాకుల గురించి కాదు.

ఈ వర్ణనల్లో మొట్టమొదట కనిపించేది ఆమె ‘ఎవరి మనిషి’ అన్న ప్రశ్న. ఫలానా నాయకుడి భార్య, ఫలానా వారి కూతురు, హత్యకు గురైన ఫలానా ఆయన వితంతువు. దక్షిణాసియా, ఆగ్నేయాసియా, లాటిన్ అమెరికా దేశాల్లో ఇది ఊరికే పుట్టిన వర్ణన కాదు, చరిత్రలో ఆధారం ఉంది. ఫిలిప్పీన్స్ అధ్యక్షురాలైన కొరాజోన్ అకినో భర్త బెనీన్యో అకినో 1983లో మనీలా విమానాశ్రయంలో హత్యకు గురయ్యారు. నికరాగువాలో వయొలేటా చమోర్రో భర్త, పత్రికా సంపాదకుడు పెద్రో హొఅకీన్ చమోర్రోను 1978లో చంపేశారు. ఆమె 1990లో అధ్యక్షురాలయ్యారు. శ్రీలంకలో చంద్రికా కుమారతుంగ తండ్రి 1959లో, భర్త 1988లో తుపాకులకు బలయ్యారు. 1994 అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి గామిని దిసనాయకే ప్రచారంలోనే బాంబు దాడిలో మరణిస్తే, ఆయన భార్య శ్రీమా అభ్యర్థిగా నిలబడ్డారు. అంటే ఆ ఎన్నికల్లో ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ హత్యల్లో భర్తలను పోగొట్టుకున్న స్త్రీలే. ఇద్దరికీ ఒకే ముద్ర ఉన్నప్పుడు ఆ ముద్ర వాళ్ల గురించి ఏమీ చెప్పదు. అది ఆ దేశం ఎలాంటి రోజులు గడుపుతోందో చెబుతుంది.

కుటుంబ పేరు ఉపయోగపడిందన్న మాటలో దాచాల్సింది ఏమీ లేదు. కానీ తండ్రుల పేరుతో, అన్నల పేరుతో, మామల పేరుతో పదవిలోకి వచ్చిన మగవాళ్లు ప్రపంచంలో లెక్కలేనంతమంది. వాళ్లను వారసులు అంటారు, వారసుడు అనే మాటలో అధికారం మీద హక్కు ఉంది. వితంతువు అనే మాటలో లోటు మాత్రమే ఉంది. పోయిన మనిషి ఖాళీలో ఆమె నిలబడిందన్నట్టు ఉంటుంది.

అకినో కథ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వర్ణన ఎన్ని పక్కలకు కోస్తుందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1986 ఫిబ్రవరి ఎన్నికల్లో అప్పటి నియంత ఫెర్డినాండ్ మార్కోస్ ఆమెను అనుభవం లేని ఆడమనిషి అన్నారు, ఆడవాళ్ల మాటలు పడకగది దాటకూడదన్నారు. దొంగతనం, అబద్ధం, ప్రత్యర్థుల హత్య, ఈ విద్యల్లో తనకు అనుభవం లేదని ఆమె ఒప్పుకున్నారు. ‘మామూలు గృహిణి’ అనే మాటను ప్రత్యర్థి నిందగా విసిరితే ఆమె దాన్నే పట్టుకుని ప్రచారం చేశారు. నియంతతో విసిగిపోయిన జనానికి ఆ మాట నిజాయితీకి మరో పేరుగా వినిపించింది. ఆమె గెలుపులో దానికి పాత్ర ఉంది.

అయితే ఆమె ఏ రకంగానూ మామూలు గృహిణి కాదు. న్యూయార్క్‌లో డిగ్రీ చేసిన మనిషి. ఫిలిప్పీన్స్‌లోని అతి పెద్ద భూస్వామ్య కుటుంబాల్లో ఒకటైన కొహువాంకో కుటుంబం ఆమెది. వేల ఎకరాల చెరకు ఎస్టేటు ఉన్న ఇల్లు. 1987 జనవరి 22న భూసంస్కరణలు కావాలని అధ్యక్ష భవనం వైపు నడిచిన రైతుల మీద మెండియోలా వంతెన దగ్గర భద్రతా దళాలు కాల్పులు జరిపితే పదిమందికి పైగా చనిపోయారు. ‘గృహిణి’ అనే మాట ఆమె చదువునూ తెలివినీ కప్పేసింది. అదే మాట ఆమె వర్గాన్నీ, ఆస్తినీ, బాధ్యతనూ కూడా కప్పేసింది. పాత నియంతృత్వాన్ని తొలగించి 1987లో కొత్త రాజ్యాంగం తెచ్చినా, సైన్యం చేసిన ఆరేడు తిరుగుబాటు ప్రయత్నాలను తట్టుకుని నిలబడినా, భూమి విషయంలో వెనకడుగు వేసినా, అవన్నీ ఒక రాజకీయ నాయకురాలు చేసిన పనులు. గృహిణి అనే చట్రంలో పెడితే మంచికి ఆశ్చర్యం, చెడుకు జాలి మాత్రమే మిగులుతాయి. మహిళా నేతల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో సంగతిని చాలామంది మరిచిపోతారు. తప్పుడు వర్ణన కించపరచడమే కాదు, కాపాడుతుంది కూడా. రెండూ నష్టమే.

లైబీరియా ఇలాంటి మరో ఉదాహరణ. 2005 చివర్లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ గెలిచి ఆఫ్రికాలో ఎన్నికైన మొదటి మహిళా దేశాధినేత అయ్యారు. ఆర్థికవేత్త, ప్రపంచ బ్యాంకులోనూ ఐక్యరాజ్య సమితిలోనూ పనిచేశారు, సైనిక పాలనలో జైలుకు వెళ్లారు. ఆమెను ‘ఉక్కు మహిళ’ అన్నారు, ‘మా ఎలెన్’ అన్నారు, అక్కడి ఇంగ్లీషులో ‘మా’ అంటే అమ్మ. ‘ఎలెన్, మా మగవాడు ఈమే’ అన్న అర్థం వచ్చే ప్లకార్డులను సొంత మద్దతుదారులే పట్టుకున్నారు. ఒకే మనిషి ఒకే ఎన్నికలో ఇనుము, తల్లి, మగవాడు. ఈ పొగడ్తల మధ్య ఒక గట్టి విషయం బయటి ప్రపంచానికి అంతగా చేరలేదు. అంతర్యుద్ధం మొదట్లో తిరుగుబాటు నేత చార్లెస్ టేలర్‌కు ఆమె ఇచ్చిన మద్దతు కారణంగా, 30 ఏళ్లు పదవులకు దూరంగా ఉంచాల్సినవాళ్ల జాబితాలో ఆమె పేరు కూడా పెట్టాలని ఆ దేశపు సత్య, సయోధ్య కమిషన్ 2009లో సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. రెండూ ఆమె జీవితంలో భాగాలే, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలంటే ముందు ‘అమ్మ’ అనే మాటను కాస్త దించాలి.

ఇనుము మాట ఎక్కడిదంటే, 1976 జనవరిలో థాచర్ చేసిన ఒక ప్రసంగం మీద సోవియట్ సైనిక పత్రిక క్రాస్నయా జ్వెజ్దా ఎగతాళిగా పెట్టిన పేరు. ఆమె దాన్ని ఇష్టంగా తగిలించుకున్నారు. అప్పటినుంచి గట్టిగా మాట్లాడే ప్రతి మహిళకూ అదే పేరు. 2009లో లిథువేనియా అధ్యక్షురాలైన డాలియా గ్రిబౌస్కైటేకు కరాటే వచ్చు కాబట్టి ఆ పేరు ఇంకా తేలికగా అతుక్కుంది. మెత్తగా ఉంటే అమ్మ, గట్టిగా ఉంటే ఇనుము. ఈ రెంటికీ మధ్య, ఒక విషయంలో గట్టిగా మరో విషయంలో మెత్తగా ఉండే మామూలు రాజకీయ నాయకురాలికి పేరు లేదు. మగ నాయకులకు ఆ మధ్య చోటు పుట్టుకతోనే దొరుకుతుంది. అమ్మ అన్న పిలుపు వెనక ఆశ ఒకటి ఉంటుంది, ఈమె మగవాళ్లలా చేయదు అని. టాంజానియాలో 2021 మార్చిలో అధ్యక్షుడు జాన్ మగుఫులి మరణంతో ఉపాధ్యక్ష పదవి నుంచి పైకి వచ్చిన సామియా సులుహు హసన్‌ను ‘మామా సామియా’ అన్నారు. మొదట్లో రాజకీయ సభల మీద నిషేధం ఎత్తేయడం చూసి ఆ పిలుపు నిజమే అనుకున్నారు. 2025 అక్టోబర్ ఎన్నికల్లో ప్రధాన ప్రతిపక్ష నేతలు పోటీలో లేరు, ఆమెకు 98 శాతం దాకా ఓట్లు వచ్చాయని అధికారికంగా ప్రకటించారు, నిరసనల మీద తీవ్రమైన అణచివేత జరిగింది. తల్లి అనే మాట పాలనకు ఏ హామీ ఇవ్వదు.

ఇక పదవి పేరు సంగతి. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో ఇది వ్యాకరణం దాటి పెద్ద రాజకీయ తగాదా అయింది. ‘ప్రెసిడెంతె’ అనే మాట ఆ భాషల వ్యాకరణం ప్రకారం ఇద్దరికీ సరిపోతుంది. చివర ‘అ’ చేర్చి ‘ప్రెసిడెంతా’ అంటే స్త్రీ అని తెలిసిపోతుంది. ఇది కొత్తగా పుట్టించిన మాట కాదు. స్పానిష్ అకాడమీ నిఘంటువులో 1803 నుంచీ ఉంది. అయినా 2007లో అర్జెంటీనాలో క్రిస్టినా ఫెర్నాండెజ్ డి కిర్చ్‌నర్ తనను ‘ప్రెసిడెంతా’ అనే పిలవాలని పట్టుబడితే, భాషను పాడుచేస్తున్నారని విమర్శలు వచ్చాయి. బ్రెజిల్‌లో 2010లో గెలిచిన డిల్మా రూసెఫ్ కూడా అదే కోరారు. ప్రభుత్వ ప్రకటనల్లో ‘ప్రెసిడెంతా’, పెద్ద దినపత్రికల్లో ‘ప్రెసిడెంతె’. కొన్నాళ్లకు ఆ ఒక్క అక్షరం చూసి రాసినవాళ్లు ఎటువైపు ఉన్నారో చెప్పగలిగే పరిస్థితి వచ్చింది. 2016లో ఆమెను అభిశంసించే రోజుల్లో ఒక వారపత్రిక ఆమె ఆవేశంతో అదుపు తప్పుతున్నారని ముఖచిత్ర కథనం వేసింది. బడ్జెట్ లెక్కలను తారుమారు చేశారన్న ఆరోపణను ఆ లెక్కల మీదే వాదించవచ్చు. నరాల బలహీనత ఆరోపణకు జవాబు చెప్పే దారి లేదు. ఆమె తర్వాత వచ్చిన మిషెల్ తెమెర్ మొదటి మంత్రివర్గంలో ఒక్క మహిళ కూడా లేరు.

మెక్సికోలో క్లాడియా షీన్‌బామ్ 2024 అక్టోబర్ 1న ప్రమాణం చేసినప్పుడు ఈ తగాదాను నేరుగా ప్రసంగంలోకి తెచ్చారు. ‘ప్రెసిడెంతా’ అని చివర ‘అ’తోనే అనండి, శాస్త్రవేత్త, లాయరు, సైనికురాలు, ఇంజనీరు అన్నీ అలాగే అనండి, పేరు పెట్టని దానికి ఉనికి ఉండదు అన్నారు. ఆమె స్వయంగా ఎనర్జీ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేసిన మనిషి.

ఫ్రెంచిలో ‘ప్రెసిడాంత్’ అనే స్త్రీ రూపం చాలాకాలం అధ్యక్షుడి భార్య అనే అర్థంలో వాడుకలో ఉంది. అంటే భాష ఆ పదవిలో ఆడమనిషిని ఊహించింది, కాకపోతే పక్క కుర్చీలో. ఇండియాలో ఈ ఊహే 2022లో పెద్ద గొడవకు దారి తీసింది. ‘రాష్ట్రపతి’లోని ‘పతి’కి సంస్కృతంలో అధిపతి అని అర్థం. సేనాపతి, సభాపతి, కులపతి అన్నీ ఆ కోవలోవే. భర్త అనే అర్థం కూడా ఉండటంతో 2007లో ప్రతిభా పాటిల్ ఎన్నికైనప్పుడే ఈ మాట మార్చాలా అన్న చర్చ నడిచింది. మార్చలేదు. 2022 జూలైలో ద్రౌపది ముర్ము పదవి చేపట్టిన కొద్ది రోజులకే, అప్పటి లోక్‌సభ కాంగ్రెస్ పక్ష నాయకుడు టీవీ విలేకరుల ముందు ‘రాష్ట్రపత్ని’ అన్నారు. పార్లమెంటు స్తంభించింది. నోరు జారిందని ఆయన లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పారు. నోరు జారడం నిజమే కావచ్చు. పదవికి స్త్రీ రూపం వెతికితే నాలుక భార్య దగ్గరికి వెళ్లి ఆగడమే ఆలోచించాల్సిన విషయం.

తెలుగులో మన అలవాట్లు కూడా చూసుకోవాలి. అధ్యక్షుడు, అధ్యక్షురాలు అని మనకు ఇబ్బంది లేకుండా రెండు రూపాలున్నాయి. ‘ప్రధాని’ చూడటానికి స్త్రీ రూపంలా ఉన్నా నెహ్రూకూ ఇందిరకూ ఒకేలా వాడాం, ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు. పార్టీలకు ‘అధినేత్రి’ అని పత్రికలు ధారాళంగా రాస్తాయి. దేశం దగ్గరికి వచ్చేసరికి ‘దేశాధినేత్రి’ అరుదుగా కనిపిస్తుంది, ‘మహిళా దేశాధినేత’ అంటాం. వాక్యం లోపల ఇంకో సంగతి ఉంది. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనంలో స్త్రీకి వాడే క్రియా, వస్తువుకు వాడే క్రియా ఒకటే. పాత వ్యాకరణాలు మగవాళ్లను చెప్పే మాటలను ‘మహత్తులు’ అన్నాయి. బహువచనంలోకి వస్తే తేడా పోతుంది: వాళ్లు వచ్చారు. గౌరవానికి కూడా ఇదే రూపం వాడతాం కాబట్టి అధ్యక్షుడైనా అధ్యక్షురాలైనా ‘వచ్చారు’, ‘అన్నారు’. మన భాషలో గౌరవం ఇస్తే చాలు, క్రియలో ఆడా మగా తేడా దానంతట అదే చెరిగిపోతుంది. స్పానిష్ వాళ్లు ఒక అక్షరం చేర్చి సాధించాలనుకున్నది మనకు ‘రు’తో దొరికింది. అందుకే విదేశీ నాయకుల వార్తల్లో మగవాళ్లకు ‘అన్నారు’ అని రాసి, ఆమె దగ్గర ‘అంది’ అని రాస్తే ఆ తేడా కంటికి గుచ్చుకుంటుంది.

భాష మారితే చూపు మారుతుందా అంటే, ఫిన్లాండ్ అనుభవం కాదనే చెబుతుంది. ఫిన్నిష్‌లో అతనికీ ఆమెకూ ‘హాన్’ అనే ఒకే సర్వనామం. అధ్యక్ష పదవికీ ఒకే మాట. అయినా 2000లో గెలిచిన తార్యా హలోనెన్‌ను, చేతిసంచి పట్టుకుని తిరుగుతారని, పిల్లల కథల్లోని తల్లి పాత్ర పేరుతో ‘మూమిన్ అమ్మ’ అన్నారు. పెళ్లి కాకుండా సహచరుడితో కలిసి ఉండటం ప్రచారంలో చర్చకు వచ్చింది. ఆమె లాయరు, అప్పటికి విదేశాంగ మంత్రి. ఆ పేరు ప్రేమగా పెట్టిందే, అక్కడి జనం ఆమెను బాగా ఇష్టపడ్డారు కూడా. ఇండోనేషియా భాషలోనూ ‘ఆమె’, ‘అతను’ తేడా లేదు. మేఘావతి సుకర్ణోపుత్రి విషయంలో స్త్రీ దేశాధినేత కావచ్చా అన్న మతపరమైన వాదన 1999లో బలంగా నడిచింది. 2001లో ఆమె అధ్యక్షురాలయ్యారు. మరోవైపు ఐస్‌లాండ్‌లో అధ్యక్ష పదవికి ఉన్న ‘ఫోర్సెతి’ అనే మాట వ్యాకరణం ప్రకారం పుంలింగం. విగ్దీస్‌కూ అదే వాడారు, 2024లో గెలిచిన హల్లా టోమస్‌దోత్తిర్‌కూ అదే వాడుతున్నారు. కాబట్టి అన్ని భాషలకూ పనికొచ్చే మందు ఒకటి లేదు. స్త్రీ రూపం ఉన్న భాషలో దాన్ని వాడకపోవడం ఒక మాట చెబుతుంది, లేని భాషలో బలవంతంగా ‘మహిళా’ అని తగిలించడం ఇంకో మాట చెబుతుంది.

పేరుతో పిలవడం గురించి కూడా తొందరపడి తీర్పు చెప్పకూడదు. మహిళా నేతలను మొదటి పేరుతో పిలుస్తారు, అది చిన్నచూపు అనే విమర్శ తరచుగా వినిపిస్తుంది. ఐస్‌లాండ్‌లో అందరినీ మొదటి పేరుతోనే పిలుస్తారు, ప్రధానినైనా సరే. బ్రెజిల్‌లో ఆమె డిల్మా అయితే ముందున్న ఆయన లూలా. అక్కడ ఈ విమర్శ నిలబడదు. ఎక్కడ మగవాళ్లకు ఇంటిపేరూ ఆమెకు ముద్దుపేరూ వాడుతున్నారో అక్కడ నిలబడుతుంది.

పెళ్లి ప్రశ్న మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంది. చిలీలో 2006లో గెలిచిన మిషెల్ బాచెలెట్ తనను తానే పరిచయం చేసుకున్నారు: ఆడదాన్ని, సోషలిస్టుని, భర్త నుంచి విడిపోయాను, దేవుడి మీద నమ్మకం లేదు, పాపాలన్నీ ఒకేచోట ఉన్నాయి అని. పిల్లల డాక్టరు, అంతకుముందు రక్షణ మంత్రి. తండ్రి వైమానిక దళ అధికారి, నియంత పినోషే జైల్లో చిత్రహింసల తర్వాత 1974లో చనిపోయారు. మొదటి మంత్రివర్గంలో పదిమంది మగవాళ్లు, పదిమంది ఆడవాళ్లు. తైవాన్‌లో 2016 మేలో త్సాయ్ ఇంగ్-వెన్ పదవి చేపట్టగానే, చైనా అధికార వార్తాసంస్థకు చెందిన ఒక పత్రిక ఆమెకు పెళ్లి కాలేదు, కుటుంబ బరువు లేదు, అందుకే ఆమె రాజకీయం ఆవేశంగా, అతిగా ఉంటుందని రాసింది. చైనాలోనే విమర్శలు వెల్లువెత్తి ఆ వ్యాసాన్ని తీసేశారు. మోల్డోవాలో మయా సందు ప్రత్యర్థులు కూడా ఆమె అవివాహిత అన్న మాటను ఆయుధం చేసుకున్నారు. ఆమె 2020లో గెలిచారు, 2024లో మళ్లీ గెలిచారు. ఐర్లండ్‌లో 1990 ఎన్నికల్లో మేరీ రాబిన్సన్‌కు పెళ్లైంది, పిల్లలున్నారు. అయినా తప్పలేదు. ప్రచారం చివర్లో ఒక మంత్రి రేడియోలో, ఆమెకు హఠాత్తుగా కుటుంబం మీద, తల్లితనం మీద ఆసక్తి పుట్టుకొచ్చిందన్నారు. పెళ్లి కాకపోతే ఒక తప్పు, అయితే ఇంకో తప్పు.

ఆ రేడియో మాట ఐర్లండ్‌లో తిరగబడింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో రెండో స్థానంలో ఉన్న రాబిన్సన్ రెండో లెక్కింపులో గెలిచారు. పెళ్లైతే మహిళలు ప్రభుత్వ ఉద్యోగం మానేయాలన్న నిబంధన ఆ దేశంలో 1973 దాకా ఉంది. ఊయల ఊపడానికి బదులు వ్యవస్థనే ఊపారని ఐరిష్ మహిళల గురించి ఆమె గెలుపు ప్రసంగంలో అన్నారు. 1997లో ఆమె తర్వాత వచ్చింది మరో మేరీ, మేరీ మెకలీస్. ఎన్నికైన ఒక మహిళ తర్వాత మరో మహిళ అధ్యక్షురాలవడం ప్రపంచంలో అదే మొదటిసారి. మెకలీస్ గురించి మాట్లాడేటప్పుడు ‘ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన అధ్యక్షురాలు’ అన్నది ముందుకొచ్చింది, ‘మహిళ’ అన్నది వెనక్కి వెళ్లింది. రెండోసారి జరిగేసరికి మొదటిసారి ఎందుకంత ఆశ్చర్యపోయామో జనానికే గుర్తుండదు.

‘మొదటి మహిళ’ అనే విశేషణం గెలిచిన రోజున నిజం, అవసరం కూడా. అది ఎన్ని తరాలు మూసి ఉంచిన తలుపో చెబుతుంది. నాలుగేళ్ల తర్వాత కూడా ప్రతి వార్త అదే మాటతో మొదలైతే, ఆ నాలుగేళ్లలో జరిగిందంతా దాని కింద పడిపోతుంది. ఓడినప్పుడు అది మరీ బరువవుతుంది. దక్షిణ కొరియాలో 2012లో గెలిచిన పార్క్ గున్-హేను ‘నియంత కూతురు’ అన్నారు, అది రాజకీయంగా సరైన ప్రశ్నే. ఆమె తండ్రి పార్క్ చుంగ్-హీ 1961 తిరుగుబాటుతో అధికారం పట్టుకున్న మనిషి. 2016లో ఆమె అవినీతి కుంభకోణం మీద లక్షలమంది కొవ్వొత్తులతో వీధుల్లోకి వచ్చారు. 2017 మార్చి 10న రాజ్యాంగ న్యాయస్థానం ఆమెను పదవి నుంచి తొలగించింది. ఆ సభల్లోనే ఆడవాళ్లను తిట్టే పాటలు, మాటలు వినిపిస్తే మహిళా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అధ్యక్షురాలు దిగిపోవాలని అడగడానికి వచ్చినవాళ్లే, ఆడవాళ్లు పనికిరారు అనకండి అని పక్కవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఆ దేశంలో ఆమె కన్నా ముందే ఇద్దరు మగ మాజీ అధ్యక్షులు జైలుకు వెళ్లారు. మగవాళ్లు ఈ పదవికి పనికిరారని అప్పుడు ఎవరూ అనలేదు.

బరిలో ఉన్న ఇద్దరూ మహిళలే అయినప్పుడు ఏం జరుగుతుందో చూడటానికి ఇప్పుడు కొన్ని ఉదాహరణలున్నాయి. ఐస్‌లాండ్‌లో 1988లోనే విగ్దీస్ మీద పోటీ చేసింది మహిళే. విగ్దీస్‌కు 90 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 2024 జూన్‌లో మెక్సికోలో షీన్‌బామ్, సోచిల్ గాల్వెజ్ ప్రధాన అభ్యర్థులు. అక్కడ మాటలు నేరాల మీద, ముందున్న అధ్యక్షుడి విధానాలను కొనసాగించాలా వద్దా అన్న దాని మీద సాగాయి. షీన్‌బామ్ ఆ ముందున్న ఆయన చేతిలో బొమ్మ అవుతారన్న అనుమానం మాత్రం చాలా కథనాల్లో వినిపించింది. 2025 అక్టోబర్‌లో ఐర్లండ్‌లో మూడో అభ్యర్థి మధ్యలో తప్పుకోవడంతో క్యాథరిన్ కానలీ, హెదర్ హంఫ్రీస్ మిగిలారు. దేశం తటస్థంగా ఉండాలా, ఐరోపా సైనిక ఖర్చు సంగతేమిటి, ఇళ్ల కొరత, ఐరిష్ భాష, ఇవే వాదనలు. కానలీ భారీ తేడాతో గెలిచారు. ఆ ఎన్నిక జరిగింది 1937 నాటి రాజ్యాంగం కిందే. అధ్యక్ష పదవికి ఎవరు అర్హులో చెప్పే పన్నెండో అధికరణం ఇంగ్లీషు పాఠంలో పౌరుడు ‘అతని’ ముప్పై అయిదో ఏట అడుగుపెట్టి ఉండాలనే ఇప్పటికీ ఉంది.